ఏ ఏరియా మంచిది కాదని అడిగేవాళ్లకు

మా తమ్ముడి కూతురు శ్రావణికి ఈ మధ్యే ఎస్సై ఉద్యోగం వచ్చింది. ట్రైనింగుకు పోయేముందు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, "పెద్దనాయనా, అనంతపురంలో ఏ ఏరియా మంచిది కాదు?" అని అడిగింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా పోలీసు ఉద్యోగం చేశాను. కానిస్టేబుల్‌గా చేరి ఎస్సైగా దిగిపోయాను. ఎక్కువ కాలం అనంతపురం టౌన్లోనే, దొంగతనాల కేసులు చూస్తూ గడిచింది. అట్లాంటి ప్రశ్నకు జవాబు నా నాలుక మీద ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగి ఉంటే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేకపోయాను. "నిదానంగా రాసిస్తాలేమ్మా" అన్నాను.

అది నవ్వింది. "ఒక్క పేరు చెప్పేదానికి రాసిచ్చేది ఏముండాది పెద్దనాయనా?"

ఉంది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లు, మెమోలు, బదిలీలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి పొద్దున పార్కులో నడిచే రిటైర్డు ఉద్యోగులు కావలసినంత మంది ఉన్నారు. అడగకపోయినా చెప్తారు.

ఎవరిని అడిగినా పక్కకే చూపిస్తారు

టౌన్లో రైలు పట్టాలకు ఇవతల పాత బజారు వీధులు. శెట్ల ఇళ్లు, కింద అంగడి, మీద కాపురం. పట్టాలకు అవతల ఒక కాలనీ. దాని అసలు పేరు నేను రాయను. టౌన్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు కూడా. "పట్టాలవతల" అంటారు, అంతే. పరుపులు కుట్టేవాళ్లు, సున్నాలు కొట్టేవాళ్లు, ఆటోలు తోలేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు అక్కడ ఉంటారు.

బీటు తిరిగేటప్పుడు నాకొక అలవాటు ఉండేది. ప్రతి వీధిలో ఎవరో ఒకరి దగ్గర నిలబడి, "ఇక్కడ భయమేమైనా ఉందా?" అని అడిగేవాణ్ణి. "మా వీధిలో ఏమీ లేదు సార్" అని మొదలుపెట్టి చెయ్యి ఇంకోవైపు చూపించేవాళ్లు. బజారువాళ్లు పట్టాల వైపు చూపించారు. బుక్కరాయసముద్రం పక్క కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు, ఆ ఇళ్లు కట్టడానికి వచ్చి చెరువు గట్టున గుడిసెలు వేసుకున్న కూలీలను చూపించారు. ఆ కూలీలను అడిగితే, తమ పారలూ తాపీలూ ఎత్తుకుపోతున్నారని వాళ్లు మొత్తుకున్నారు.

పట్టాలవతల మాత్రం నేను చాలా ఏళ్లు ఎవరినీ అడగలేదు. అక్కడికి వేరే పని మీద పోయేవాళ్లం. ఎప్పుడో ఒకసారి కుళాయి దగ్గర నీళ్లు పడుతున్న ఒకామెను అడిగాను. శెట్ల ఇళ్లలో అంట్లు తోముకుని బతికే మనిషి. ఆమె బిందె నిండాక పక్కకు దించింది. తర్వాత అంది: "మాకు బజారు వీధంటేనే భయం సార్. ఆడ ఏం పోయినా మా మిందికే వస్తాది."

అప్పటికి ఆ మాట నాకు వెటకారంలాగా వినిపించింది. కొంచెం కోపం కూడా వచ్చింది. నిజం చెప్తున్నాను.

మా స్టేషన్ గోడ మీద టౌన్ మ్యాపు ఉండేది. దొంగతనం జరిగిన చోట ఎర్ర గుండుసూది, అనుమానితుడు ఉండే చోట నల్ల గుండుసూది గుచ్చేవాళ్లం. ఎర్రవి బజారులో, నల్లవి పట్టాలవతల. కొత్తగా వచ్చిన ఏ అధికారైనా ఆ గోడ ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు, ఊరు మొత్తం అర్థమైపోయినట్టు తలూపేవాడు. నేను కూడా ఊపాను. నల్ల సూదులు మా జీపు పోయిన చోటల్లా ఉన్నాయనీ, సూదులు ఉన్నాయి కాబట్టి జీపు మళ్లీ అటే పోతోందనీ అర్థం కావడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. ఇక పట్టాలవతల పోయిన మేకలకూ, సైకిళ్లకూ, నీళ్ల డ్రమ్ములకూ సూదే లేదు. స్టేషన్‌కు వచ్చి చెప్తే తమనే కూర్చోబెడతారని వాళ్లు చెప్పేవాళ్లు కాదు. అందుకే లెక్క ప్రకారం అక్కడ ఎవరికీ ఏమీ పోలేదు.

శెట్టిగారి బీరువా

ఈ బుద్ధి నాకు పుస్తకం చదివి రాలేదు. ఒక మనిషికి నేను చేసిన అన్యాయం వల్ల వచ్చింది. ఆయన పేరు హుసేన్ పీరా. పట్టాలవతల ఉంటాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టడం ఆయన పని. ఆ పని ఇంట్లోకి పోయి చేయాలి. పడకగదిలోకి పోయి పరుపు ఎత్తుకోవాలి, అక్కడే హాల్లో పరిచి కుట్టాలి. అంటే, ఇంట్లోకి రానిస్తేనే ఆయనకు అన్నం.

బజారులో రత్నయ్యశెట్టి అని గుడ్డల వ్యాపారి. ఆయన తల్లి సుబ్బమ్మవ్వ కళ్యాణదుర్గంలో కూతురింటికి పోయింది. ఆమె ఊళ్లో లేనప్పుడు శెట్టిగారి భార్య పరుపులు బాగు చేయించుకుంది. పీరా రెండు రోజులు ఆ ఇంట్లో పని చేసి వెళ్లాడు. తర్వాత మూడు రోజులకు ఏదో సీమంతానికి పోతూ ఆమె బీరువా తెరిస్తే అత్తగారి నగల మూట లేదు.

నేను పోయేసరికి వీధి వీధంతా శెట్టిగారి అరుగు మీద ఉంది. దొంగ ఎవరో నాకు చెప్పడానికి పోటీ పడుతున్నారు.

"పట్టాలవతల మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఇంకేమైతాది సార్," అన్నాడు ఒకాయన.

"ఎవరన్నా వచ్చినారా అని అడగండి సార్, ఆ పరుపులోడు తప్ప ఎవురూ రాలేదు," అంది పక్కింటామె.

బీరువా చూశాను. తాళం పగలలేదు. గీత కూడా లేదు. రెండు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి కోడలి దగ్గర, ఒకటి అత్తగారి దగ్గర. అక్కడే ఆగి ఆలోచించవలసింది. నేను ఆగలేదు. కోడలు తాళంచెవి ఎక్కడ తగిలిస్తుందో పీరా చూసి ఉంటాడని నాకు నేనే చెప్పుకున్నాను.

"అవ్వగారిని అడిగారా?" అన్నాను.

శెట్టిగారు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. "అమ్మకు గుండె జబ్బు సార్. ఈ మాట చెవిన పడితే ఆడనే పోతాది. ఆమె వచ్చేలోగా మీరు ఎట్లన్నా చేసి తెప్పించండి."

సరేనన్నాను. కళ్యాణదుర్గం గంటన్నర ప్రయాణం. వస్తువు ఎవరిదో ఆ మనిషిని అడగకుండా కేసు మొదలుపెట్టకూడదని కానిస్టేబుల్‌కు కూడా తెలుసు. కానీ నాకు అప్పటికే దొంగ దొరికిపోయాడు. చిరునామాతో సహా.

మధ్యాహ్నం జీపు తీసుకుని పట్టాలవతలకు పోయాను. పీరా ఇంటి ముందర నీడలో కూర్చుని దిండు కుడుతున్నాడు. భార్య మాబున్నీ అన్నం పెట్టడానికి పిలుస్తోంది. "ఒకసారి స్టేషన్‌కు రా" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. సూది దిండుకే గుచ్చి లేచాడు. కాలనీ అంతా వాకిళ్లలో నిలబడి చూసింది. పట్టాల గేటు దగ్గర రైలు కోసం జీపు ఆగినప్పుడు టౌన్లోవాళ్లు కూడా చూశారు.

కొట్టలేదని రాయాలని ఉంది. నేను కొట్టలేదు. ఆయనను స్టేషన్లో ఉంచిన రెండు రోజుల్లో నేను లేనప్పుడు ఇంకెవరూ చెయ్యి వేయలేదని మాత్రం చెప్పలేను. నేను అడగలేదు. అడగకపోవడం కూడా ఒక పద్ధతే మా ఉద్యోగంలో, దాన్ని మీరు నేర్చుకోకండి.

వాన యాడ వస్తాదిలే

మూడో రోజు పొద్దున ఉరవకొండ బస్సులో ఎర్రిస్వామి అనే రైతు దిగాడు. శెట్టిగారికి ఆ పక్క కొంత మెట్ట పొలం ఉంది. దాన్ని గుత్తకు చేసేది ఇతనే. వేరుశనగ, అంటే మా చెనిక్కాయ, విత్తనం మాత్రం శెట్టిగారింట్లోనే సంచుల్లో ఉంటుంది. మా సీమలో విత్తనం సంచి సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా దాని మూతి విప్పరు. వాన పడి నేల పదునైతే తప్ప అది కదలదు. ఒక్కో ఏడు కదలనే కదలదు.

ఆ ఏడు కదిలింది. పీరా పని ముగించుకుని పోయిన మర్నాడే మంచి వాన పడింది. పదును మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. శెట్టిగారు పరుగుపరుగున సంచులన్నీ టెంపోలో వేయించి పొలానికి పంపాడు. అక్కడ ఎర్రిస్వామి ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని కాయలు ఒలుస్తుంటే ఒక సంచి నడుమ గుడ్డ మూట చేతికి తగిలింది.

ఎర్రిస్వామి ఆ మూటను శెట్టిగారి ముందు పెట్టి, "విప్పలేదు సావుకారీ. బరువు చూస్తే బంగారు మాదిరి ఉండాది. విత్తనం యాల, బిరీన పోవల్ల," అని చెప్పి, మంచినీళ్లు తాగి, తిరుగు బస్సుకు పోయాడంట. నేను ఆయన్ని చూడలేదు. ఆయన వేరేరకం మనిషై ఉంటే పీరా జైలుకు పోయేవాడు, నాకు రివార్డు వచ్చేది.

సుబ్బమ్మవ్వను పిలిపించారు. ఆమె గుండెకు ఏమీ కాలేదు. నేను ఎదురుగా కూర్చుంటే నింపాదిగా చెప్పింది.

"నేనే పెట్టినా నాయనా. ఊరికి పోయే పొద్దు కోడలు చెప్పింది, పట్టాలవతల నుంచి పరుపులాయన వస్తాడని. అట్లాంటి మనిషి ఇంట్లో రెండు దినాలు తిరుగుతాంటే బీరువాలో ఎట్లా పెట్టేది? విత్తనం సంచి అయితే ఎవురూ ముట్టరు కదా."

"వాన వస్తే సంచి పోతుంది కదవ్వా?"

"వాన యాడ వస్తాదిలే అనుకుంటి."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. స్టేషన్‌కు తిరిగి పోతూ దారిలో నవ్వు ఆగిపోయింది. నగలు పోయింది పీరా వల్ల కాదు, పీరా వస్తున్నాడన్న భయం వల్ల. ఆ భయం లేకపోతే ఆ మూట బీరువాలోనే ఉండేది.

స్టేషన్‌కు పోయి, "ఏం లేదులే, నువ్వు పో" అన్నాను. పీరా లేచి చొక్కా సర్దుకున్నాడు.

"సార్, జీపులో దింపుతారా?"

నడవలేక అడుగుతున్నాడనుకున్నాను. డ్రైవర్ టీ తాగడానికి పోయాడు. "ఎంత దూరమప్పా, నడిచి పో" అన్నాను. సరే అని తలూపి వెళ్లిపోయాడు.

శాలువా

శెట్టిగారు కేసు వెనక్కి తీసుకుంటానని వచ్చాడు. పొరపాటు ఫిర్యాదు అని రాసి మూసేశాం. పోయేముందు, "సార్, అమ్మ సంగతి బయట అనొద్దు. విత్తనాల్లో బంగారు పంపించినామని తెలిస్తే నగుబాటు" అన్నాడు. నాకూ అదే బాగున్నట్టు అనిపించింది. అమాయకుణ్ణి రెండు రోజులు కూర్చోబెట్టానని నేను మాత్రం ఎందుకు చాటుకోవాలి?

నగలు తిరిగి వచ్చాయని మాత్రం వీధికి తెలిసింది. ఎట్లా వచ్చాయో ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్లే చెప్పుకున్నారు. పోలీసులు పట్టాలవతల మనిషిని పట్టుకుపోయారు, మూడో రోజుకు నగలు వచ్చాయి. ఇంకేం కావాలి? వారం తిరక్కముందే వర్తకుల సంఘంవాళ్లు మీటింగు పెట్టి నాకు సన్మానం చేశారు. మా సీఐగారు పక్కనే కూర్చున్నాడు. ఆయనకు అసలు సంగతి తెలుసు. "మనం తప్పు చేశామని దండోరా వేసుకుంటావా? గమ్మున కూర్చో," అని చెవిలో అన్నాడు. శాలువా కప్పింది రత్నయ్యశెట్టే. ఆయన నా కళ్లలోకి చూడలేదు, నేనూ ఆయన కళ్లలోకి చూడలేదు. చప్పట్లు బాగా కొట్టారు.

నా ఉద్యోగంలో నాకు సిగ్గు వేసిన రోజులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ సిగ్గు ఆ శాలువా కింద వేసింది. అయినా తీయలేదు.

తర్వాత రెండు రోజులకు మాబున్నీ స్టేషన్‌కు వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏం కావాలమ్మా?"

"మా ఆయన్ని ఎవురూ పనికి పిలవడంలేదు సార్. పోయిన చోటల్లా ఇప్పుడు వద్దులే అంటాండారు. మా ఆయన తీసినాడా సార్?"

"లేదమ్మా. ఆయన తప్పేం లేదు."

"ఆ మాట నాకు తెలుసు సార్. తీస్కపోయేటప్పుడు అందరూ చూసినారు. ఇడిసిపెట్టింది ఒక్కరూ చూడలేదు. సాయంత్రం నడుచుకుంట వచ్చినాడు, జామీను మీద వచ్చినాడనుకున్నారు." మళ్లీ తనే అంది: "ఒక్క తూరి అదే జీపులో మా ఇంటికి రా సార్. డ్రస్సులోనే రా. అరుగు మింద కూచోని టీ తాగి పో. ఇంకేం వద్దు మాకు."

ఆయన జీపు ఎందుకు అడిగాడో నాకు అప్పుడు అర్థమైంది. వస్తానన్నాను. సీఐగారికి చెప్తే వద్దన్నాడు. ఇంకో నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి పోయాను. ఎట్లా పోయానో కూడా రాయాలి కదా. ఆదివారం నాడు మామూలు బట్టల్లో, నా సొంత బండి మీద పోయాను. మాబున్నీ టీ ఇచ్చింది. నేను తాగుతుంటే వీధిలో పోయేవాళ్లు చూశారు, ఎవరో చుట్టం వచ్చాడనుకుని వాళ్ల దారిన వాళ్లు పోయారు. పీరా నా ఎదురుగా కూర్చుని దిండు కుడుతూనే ఉన్నాడు. మాబున్నీ నా చొక్కా వైపు ఒకసారి చూసి గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత నేను చేసింది

పెద్దగా చేయలేదు. గోడ మీద నల్ల సూదులు పీకించాను. సీఐగారు మారాక కొత్తాయన మళ్లీ గుచ్చించాడు. ఎవరినైనా విచారణకు తీసుకుపోతే, తప్పు లేదని తేలాక అదే జీపులో, అదే పగటిపూట, యూనిఫాంలో వాళ్ల వాకిట్లో దింపి వచ్చేవాణ్ణి. డీజిల్ దండగ అని డ్రైవర్లు సణిగేవాళ్లు. వస్తువు పోయిన ఇంట్లో అందరినీ, ముఖ్యంగా చెప్పొద్దన్న మనిషిని, మొదట అడిగేవాణ్ణి. అట్లా అడిగితే చాలా కేసులు ఆ ఇంటి గడప దాటకుండానే తేలిపోయాయి. అల్లుడో, మరిదో, మతిమరుపో. ఆ సంగతులు పేపర్లో రావు, వీధికి తెలియవు. పట్టాలవతల దొరికిన ఒక్కడి సంగతి మాత్రం పదేళ్లు చెప్పుకుంటారు.

అక్కడ దొంగలే లేరని నేను అనను. నేనే పట్టుకున్నాను కొందరిని. బజారులో కూడా పట్టుకున్నాను. కానీ శ్రావణీ, జనం భయపడే చోటూ దొంగతనం జరిగే చోటూ ఒకటేనని అనుకుంటే నీ ఉద్యోగం చాలా సుళువుగా సాగుతుంది. సన్మానాలు కూడా జరుగుతాయి.

మా ఇంటి ముందర

రిటైరయ్యాక బుక్కరాయసముద్రం పక్క ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాను. మొన్న ఎండాకాలం మా ఆవిడ పరుపులు గట్టిపడిపోయాయని ఎవరినో పిలిపించింది. గేటు దగ్గర చప్పుడైతే పోయి చూశాను. పీరా. గడ్డం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, "బాగుండారా సార్" అన్నాడు. గేటు తెరిచాను.

"లోపలికి రా పీరా, హాల్లో ఫ్యాన్ కింద పరుచుకో" అన్నాను.

"లోపలికి రాను సార్. పరుపు ఇట్ల బయటికి ఇయ్యండి."

"ఎండ చూడు ఎట్లా ఉందో."

"నేను ఎవురింట్లోకీ పోను సార్. శానా ఏండ్లైంది."

మా ఆవిడ కూడా పిలిచింది. రాలేదు. చివరికి నేనూ మా ఆవిడా చెరో కొస పట్టుకుని పరుపులు మోసుకొచ్చి రోడ్డు పక్కన వేశాం. పొద్దున నుంచి మూడు గంటలదాకా ఆ ఎండలో దూది ఏకి కుట్టాడు. తల మీద తుండుగుడ్డ ఒక్కటే. నేను కుర్చీ తెచ్చుకుని గేటు పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. మూడు పరుపులు పూర్తయ్యాకగానీ అడగలేకపోయాను.

"పీరా, ఆరోజు నేను చేసింది తప్పు."

"తెలుసు సార్," అన్నాడు సూది దారం తెంపుతూ. "మీరు మంచోళ్లే." ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది.

కూలి తీసుకుని, సామాను సర్దుకునేముందు సంచిని తిరగేసి రోడ్డు మీద దులిపాడు. చొక్కా జేబు, లుంగీ మడత విప్పి చూపించాడు.

"నాకెందుకు చూపిస్తావప్పా," అన్నాను.

"మీకు కాదు సార్," అన్నాడు పీరా, సంచి భుజాన వేసుకుంటూ. "మీ ఎదురింటోళ్లు పొద్దన్నుంచి చూస్తాండారు."

తలెత్తి చూశాను. ఎదురింటి మేడ మీద ఇద్దరు నిలబడి ఉన్నారు.